బెరిల్ అనే మనిషి లేదు

ఫిబ్రవరి 14, మంగళవారం

కార్డులు అచ్చయి వచ్చాయి. మొత్తం నాలుగు. మందపాటి అట్ట, గుండ్రంగా కత్తిరించిన మూలలు. వంటింటి బల్ల మీద పరిచి చూసుకున్నాను. బాగున్నాయి.

బాగున్నాయని రాసుకోవడానికి సిగ్గెందుకు నాకు? మూడు నెలలు మా ఊరు వరూంగా వీధులన్నీ తిరిగింది నేను. మా ఆసుపత్రి వెనకగదిలో నాలుగు డయాలిసిస్ కుర్చీలున్నాయి. కిడ్నీలు చెడిపోయి వారానికి మూడుసార్లు వాటిల్లో కూర్చునేవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, పెళ్ళాలు, కూతుళ్ళు, మొత్తం ముప్పై ఒక్కమందితో మాట్లాడింది నేను. జిల్లా ఆరోగ్య మండలి పెద్దలు ఒక్కరైనా ఆ గది గడప తొక్కారా? నూటతొంభై కిలోమీటర్ల అవతల చల్లటి గదిలో కూర్చుని, ఆ నాలుగు కుర్చీలూ అక్కడ ఉండాలా అక్కర్లేదా అని చర్చించుకుంటున్నారు. కుర్చీలు తీసేస్తే ఈ మనుషులు ఊరు వదలాలి. లేదా వారానికి మూడుసార్లు పోనూ రానూ నూటతొంభై చొప్పున ప్రయాణం చెయ్యాలి. లేదా చావాలి. నాలుగో దారి ఉంటే చెప్పమనండి.

నా పని ఇదీ. ముప్పై ఒక్కమంది అసలు మనుషుల్ని కలిపి ఎక్కడా లేని నలుగురు మనుషుల్ని తయారుచెయ్యడం. ఒక పేరు, ఒక వయసు, ఒక బొమ్మ, ఒక కష్టం, వాళ్ళ నోటి నుంచి ఒక మాట. అసలువాళ్ళ గుట్టు బయటపడకుండా వాళ్ళ గోడు అధికారుల బల్ల మీదికి చేరాలని. డిజైనర్లంటే కుర్చీలకు రంగులు వేసేవాళ్ళనుకునే మేధావులకు ఇది అర్థం కాదు. పట్టికలో అంకెగా పడి ఉన్న మనిషికి ముఖం ఇచ్చేది మేమే.

నాలుగింటిలో బెరిల్ కార్డు నాకిష్టం. "బెరిల్, 64. జీవితమంతా పదిమందికి వండిపెట్టింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు కుర్చీలో." కింద పెద్ద అక్షరాల్లో ఆమె మాట: "అలసిపోయాను. మీరెక్కడికి వెళ్ళమంటే అక్కడికి వెళ్తాను."

గారెత్‌కి కూడా అదే నచ్చింది. మండలి తరఫున ఈ పని చూస్తున్నది అతనే. "గుండెకి తగిలింది వెస్నా" అన్నాడు ఫోన్లో. పత్రికల్లో నేను రాసేవన్నీ చదువుతాడట. మండలిని నేను తిట్టిన తిట్లన్నీ చదివి కూడా ఈ పని నాకే ఇచ్చాడంటే, లోపల మార్పు కోరేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట.

ఫిబ్రవరి 16, గురువారం

ఎండ నలభై నాలుగు డిగ్రీలు. ఫిబ్రవరంటే మాకు నడివేసవి. వ్యాసం పూర్తిచేసి పంపించాను. పల్లెల్ని చంపుతున్నది కరువు కాదు, ఆఫీసులు అని రాశాను. గట్టిగానే రాశాను.

ఫిబ్రవరి 22, బుధవారం

మండలి ముసాయిదా వచ్చింది. జూన్ నెలాఖరుకి కుర్చీలు నాలుగూ ఎత్తేస్తారు. రోగుల్ని పెద్దాసుపత్రి పక్కన చిన్న చిన్న గదుల్లోకి "మారుస్తారు". సామాన్లు మార్చినట్టు.

మొదటి పేజీలో, అన్నిటికంటే పైన, "రోగులు మాతో చెప్పింది" అనే శీర్షిక కింద బెరిల్ మాట.

చదివి లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. గారెత్‌కి ఫోన్ చేశాను.

"ఇదేంటి గారెత్?"

"ఏది?"

"మొదటి పేజీ. ఆ మాట ఊరు వదిలి వెళ్తామని చెప్పడానికి కాదు."

"మీరు రాసిందేగా వెస్నా? 'మీరెక్కడికి వెళ్ళమంటే అక్కడికి వెళ్తాను.' ఇందులో రెండో అర్థం ఉందా?"

"సందర్భం అని ఒకటుంటుంది కదా!"

"కార్డు మీద సందర్భం లేదుగా" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. ఇలాంటి మర్యాదస్థులే ప్రపంచాన్ని నడుపుతున్నారు. కేకలేసేవాణ్ణి ఎదిరించొచ్చు. "మీ పరిశోధనకి మేమెంతో రుణపడి ఉన్నాం" అనేవాణ్ణి ఏంచేస్తాం?

నా కష్టాన్ని దొంగిలించారు. ఇంకో మాట లేదు. ప్రజల గొంతు అని పేరుపెట్టి ప్రజల గొంతు నొక్కడం వీళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

ఆ మాట నేను మార్చలేదు. కుదించాను, అంతే. కార్డులో రెండు లైన్లే పడతాయి.

మార్చి 2, గురువారం

బౌలింగ్ క్లబ్ హాల్లో ఊరి సమావేశం. నూట ఇరవైమంది దాకా వచ్చారు. బయట ఎవరో సాసేజ్‌లు కాలుస్తున్నారు. ఉల్లిపాయల వాసన లోపలిదాకా వస్తోంది. నేను వెనక టీ పాత్ర పక్కన నిలబడ్డాను. గారెత్ వేదికెక్కి తెర మీద బొమ్మలు చూపించాడు. మూడో బొమ్మ బెరిల్. మనిషంత అక్షరాలు.

సెస్ ట్రాంటర్ లేచాడు. డెబ్బై రెండేళ్ళు, ఒకప్పుడు లారీ డ్రైవరు, ఇప్పుడు డయాలిసిస్ గదిలో కిటికీ పక్క కుర్చీ ఆయనది.

"ఒక్క నిమిషం బాబూ. ఈ బెరిల్ ఎవరు? ఈ ఊళ్ళో నాకు తెలియని ఆడమనిషి కూడా ఉందా?"

హాలంతా నవ్వు.

"బెరిల్ నిజమైన వ్యక్తి కాదండీ" అన్నాడు గారెత్. "మీ అందరి అనుభవాలూ కలిపితే వచ్చిన ఒక..."

"లేని మనిషా?"

"ఒకరకంగా అలాగే అనుకోండి."

"అయితే పెద్దాసుపత్రికి ఆమెనే పంపండి. మేమిక్కడే ఉంటాం."

ఇంకా పెద్ద నవ్వు, చప్పట్లు. నేనూ నవ్వాను. ఆ నవ్వుల మధ్యే ముందు వరసలో మెర్ల్ లేచింది. ఆమె లేవడానికి కాస్త సమయం పడుతుంది. ముందు కుర్చీ వీపు పట్టుకుని, సూదులు పడీ పడీ తాడులా ఉబ్బిన ఎడమచేతిని పొట్టకు ఆనించుకుని లేస్తుంది. నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని తీసే షెడ్లలో వంటమనిషిగా చేసింది. అక్కడ పాతికమంది మగవాళ్ళు ఆమె గరిట చప్పుడికి నోరు మూసుకునేవాళ్ళట. హాలు కూడా నోరు మూసుకుంది.

"ఆ మాట నాది" అంది. "అంటే, సగం నాది. మిగతా సగం ఏదయ్యా?"

"వ్యక్తుల గోప్యత కాపాడాలి కాబట్టి, ఎవరి మాట ఏదో..."

"నా గోప్యత సంగతి నేను చూసుకుంటాలే. మాట ఎక్కడ తెగిందో చెప్పు."

గారెత్ హాల్లో నాకోసం వెతికాడు. మెర్ల్ కూడా వెనక్కి తిరిగింది. కప్పులు సర్దే పని ఉంది నాకు. సర్దాను. వరసగా, పిడులన్నీ ఒకవైపుకి వచ్చేలా.

మెర్ల్ నా పేరు చెప్పలేదు.

మార్చి 3, శుక్రవారం

ఏమీ రాయాలని లేదు. కార్డులో రెండు లైన్లే పడతాయి.

మార్చి 5, ఆదివారం

మెర్ల్ రికార్డింగ్ మళ్ళీ విన్నాను. నవంబరు ఇరవై ఎనిమిదిన, ఆమె డయాలిసిస్ అయి ఇంటికొచ్చిన గంటకి తీసుకున్నది. అలాంటప్పుడు వెళ్ళకూడదని ఎవరికైనా తెలుస్తుంది. నాకు ఆ వారం ఇంకో తొమ్మిదిమందిని కలవాల్సి ఉంది.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"కొన్ని రోజులు ఎంత అలసిపోతానంటే, మీరెక్కడికి వెళ్ళమంటే అక్కడికి వెళ్తాను అనిపిస్తుంది. వెళ్ళి అక్కడ చస్తాను. నన్నక్కడ ఎవరెరుగుదురు? మా అక్క అలాగే పోయింది, ఆ ఊళ్ళో, పక్కగదివాళ్ళకి నాలుగు రోజుల దాకా తెలియలేదు. అందుకని చెప్తున్నా అమ్మాయ్, నేను అలసిపోయి ఉన్నప్పుడు ఏమన్నా దాన్ని పట్టించుకోకు. ఇవాళ నేనన్నవి ఏవీ లెక్కలోకి తీసుకోకు."

ఆ తర్వాత నా గొంతు, చాలా దయగా: "అర్థమైంది మెర్ల్ గారూ."

మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ నాకు అర్థమైంది.

లేచి కార్డు తీసి చూశాను. మాట కింద ఇంకా నాలుగు లైన్ల చోటుంది. అక్కడ నేను యూకలిప్టస్ కొమ్మ ఒకటి గీశాను. మూడు ఆకులు, రెండు మొగ్గలు.

సరే. చోటుంది.

అయితే మాత్రం? ఈ దేశంలో పల్లె ఆసుపత్రులు మూతపడుతున్నది నా కొమ్మ వల్లనా? పాతికేళ్ళుగా ఎవరు ఏలుతున్నారు, ఎవరు కోతలు పెడుతున్నారు, ఎవరు ఓట్లడిగి మాయమవుతున్నారు, వాళ్ళని వదిలేసి నన్ను నేను బోనెక్కించుకోవాలా? ఒకరి తప్పు బయటపడగానే వ్యవస్థ తప్పు కనబడకుండా పోవడం, సరిగ్గా వాళ్ళకి కావలసింది అదే. నేను వాళ్ళకా అవకాశం ఇవ్వను.

పై పేరా మళ్ళీ చదివాను. మంచి వ్యాసానికి పనికొస్తుంది. మెర్ల్‌కి పనికిరాదు.

మార్చి 9, గురువారం

మెర్ల్ ఇంటికి వెళ్ళాను. గురువారం ఆమెకి సూదుల్లేని రోజు. జాలీ తలుపు అవతలే నిలబడి నన్ను చాలాసేపు చూసింది.

"కప్పులు సర్దడం అయిందా?"

"అయింది."

"రా మరి లోపలికి. ఈగలొస్తాయి."

టీ పెట్టింది. నాకు పెద్ద కప్పు, తనకి గుడ్డు పట్టే చిన్న గిన్నె. డయాలిసిస్ వాళ్ళు రోజంతటికీ నీళ్ళు కొలిచి తాగాల్సిందే. దాన్ని అరగంట తాగుతుంది. నేను సిద్ధం చేసుకొచ్చిందంతా చెప్పాను. పూర్తి రికార్డింగు మండలి సభ్యులందరికీ పంపుతాను. ఒప్పందం ప్రకారం అదంతా మండలి సొత్తు, నేను బయటపెడితే నా మీద చర్య తీసుకోవచ్చు, అయినా సరే. మీరు ఊఁ అంటే చాలు.

"అంటే మళ్ళీ నువ్వే తీసుకెళ్తావన్నమాట, నా మాట."

"ఈసారి మొత్తం తీసుకెళ్తాను మెర్ల్ గారూ."

"షెడ్లో ఒకడుండేవాడు. వాడి కంచం వాడు తెచ్చుకునేవాడు కాదు, ఎప్పుడూ ఇంకోడి చేత తెప్పించుకునేవాడు. దార్లోనే మాంసం ముక్కలు తగ్గేవి. ఒకరోజు పిలిచి చెప్పా, ఒరేయ్, నీ కాళ్ళకేం రోగం, నువ్వే రా, అని." గిన్నెలో టీ చూసుకుంది. "నా నోరు నాకుంది. ఎప్పుడు కూర్చుంటారు వాళ్ళు?"

"నెలాఖరు బుధవారం."

"వాళ్ళకి బుధవారం తీరిక. నాకు బుధవారం సూది. బాగుంది వరస." నవ్వింది. "నన్నడిగితే వాళ్ళే రావాలి. ఆ గదిలో కుర్చీలకేం తక్కువ?"

ఇంటికొస్తూ దార్లోనే నాకు ఆలోచన తట్టింది. మండలి సమావేశం ఇక్కడే పెట్టిస్తే? డయాలిసిస్ గదిలో? సూది గుచ్చినప్పట్నుంచి తీసేదాకా, ఐదు గంటలూ?

ఆలోచన తట్టింది నాకు కాదు. ఆమెకి. పై మాట కొట్టెయ్యడం లేదు, ఉండనిస్తున్నాను. నా చెయ్యి ఎలా పనిచేస్తుందో తెలియాలి నాకు.

మార్చి 14, మంగళవారం

ఐదు రోజులుగా ఫోన్లు. గారెత్ మొదట నవ్వాడు. తర్వాత అంటువ్యాధుల నిబంధనలన్నాడు. తర్వాత వాహనాలన్నాడు. మండలి అధ్యక్షురాలు బ్రాన్విన్ హాలొరన్‌కి నేరుగా ఉత్తరం రాశాను. పెద్ద గొర్రెల ఎస్టేటున్నావిడ. నా వ్యాసాల్లో ఆమెని రెండుసార్లు ఉతికాను. ఉత్తరంలో మాత్రం ఒక్క తిట్టూ రాయలేదు. ఒకే పేజీ. మీ ముసాయిదాలో బెరిల్ మాట ఉంది, అది సగం మాట, సగానికి కోసింది నేనే, మిగతా సగం వినడానికి మీరే రండి అని. వస్తానంది.

ఆ గదిని ఎలా నడపాలో కూర్చుని గీసుకున్నాను. నాకు చేతనైన పని ఇదేగా. తెర ఉండదు. బొమ్మలుండవు. కార్డులుండవు. గోడకి అంటించే పసుపు చీటీలుండవు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక్కో రోగి పక్కన ఒక్కో సభ్యుడు. మధ్యలో లేచి వెళ్ళకూడదు. రోగులకి ఎంత నీళ్ళో వాళ్ళకీ అంతే: చిన్న గ్లాసులో కాసిని ఐసు ముక్కలు.

అనుమతికి నర్సు దగ్గరికెళ్ళాను. లూపె, టోంగా దీవుల నుంచి వచ్చినావిడ, మూడేళ్ళుగా ఆ గది మొత్తం ఆమె భుజాల మీదే నడుస్తోంది. మెషీన్ తుడుస్తూ, నావైపు చూడకుండానే వింది.

"ముప్పై ఒక్కమందితో మాట్లాడారటగా మేడమ్?"

"అవును సిస్టర్."

"ఈ తలుపు లోంచే వచ్చేవారు. ఆ రికార్డరు పట్టుకుని. 'సిస్టర్, కాస్త పక్కకి జరుగుతారా, వీళ్ళతో మాట్లాడాలి' అనేవారు. జరిగేదాన్ని."

"నాకిచ్చిన పని రోగుల గొంతు..."

"ఆఁ, తెలుసు. నేను రోగిని కాదుగా." గుడ్డ పిండింది. "ఆ రోజు నన్నెక్కడ కూర్చోమంటారు? పక్కకి జరగాలా?"

ఆమెతో ఎందుకు మాట్లాడలేదు నేను? ఒప్పందంలో లేదు కాబట్టి. ఆసుపత్రి బట్టలు వేసుకుంది కాబట్టి. నా లెక్కలో ప్రజలొకవైపు, వ్యవస్థ ఒకవైపు, ఆమె వ్యవస్థ. మూడేళ్ళుగా ఒంటిచేత్తో ఇంతమందిని బతికిస్తున్న మనిషి వ్యవస్థట!

మార్చి 29, బుధవారం

తొమ్మిదిమంది సభ్యుల్లో ఐదుగురు వస్తామన్నారు. ముగ్గురు వచ్చారు. గారెత్ నాలుగోవాడు.

మొదటి గంట పెద్దలు మాట్లాడారు. సుస్థిరత, సేవల సమీకరణ, ఇంకా ఏవో. సెస్ పక్కన కూర్చున్న సభ్యుడు తన గ్లాసులో ఐసంతా పది నిమిషాల్లో నమిలేసి దిక్కులు చూశాడు. "మెల్లిగా కానివ్వాల్సింది దొరా" అన్నాడు సెస్. "అది మధ్యాహ్నందాకా."

రెండో గంటకి మాటలైపోయాయి. మెషీన్ల చప్పుడు మాత్రమే. గొట్టాల్లో రక్తం తిరుగుతుంటే ఎంతసేపని చూడగలరు? చూడకుండానూ ఎంతసేపుండగలరు?

మూడో గంటలో మెర్ల్ ముఖం పాలిపోయింది. బీపీ పడిపోయి మెషీన్ మోగింది. లూపె గదికి అవతలి మూల సెస్ సూది సరిచేస్తోంది. అది వదిలేసి రావాలి, వదిలితే అక్కడ రక్తం. ఒక్క క్షణం ఇద్దరి మధ్య నిలబడింది. ఆ ఒక్క క్షణం అందరం చూశాం. హాలొరన్ లేవబోయింది, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చుంది. లూపె ఒక చేత్తో సెస్ చేతి మీద అతని వేళ్ళే నొక్కి పెట్టించి, "వదలకండి అంకుల్" అని పరుగెత్తింది. కుర్చీ వెనక్కి వాల్చి కాళ్ళు పైకెత్తింది. మెర్ల్‌కి రంగు తిరిగి రావడానికి ఆరు నిమిషాలు పట్టింది.

"ఇద్దరుండాలి కదా ఇక్కడ?" అంది హాలొరన్.

"ఉండాలి" అంది లూపె.

"మనుషులు దొరకడం లేదని మాకు నివేదికలో..."

"దొరికారమ్మా. రెండేళ్ళలో ముగ్గురొచ్చారు. ముగ్గురూ మంచి నర్సులే. వాళ్ళకిచ్చిన ఇల్లు చూశారా? ఉతికే గది వెనక రేకుల గది. నేనూ అందులోనే ఉంటా. జనవరిలో కిటికీకి తడి దుప్పటి కట్టుకుని పడుకున్నా. అదీ నెల నెలా అనుమతి తెచ్చుకోవాలి. ఒకమ్మాయి బిడ్డని తీసుకొద్దామనుకుంది. తెచ్చి ఎక్కడ పెడుతుంది? వెళ్ళిపోయింది."

"ఇది నివేదికలో ఎందుకు లేదు?" హాలొరన్ గారెత్‌ని అడిగింది. గారెత్ నన్ను చూశాడు.

"నేను ఆమెని అడగలేదు" అన్నాను. "ముప్పై ఒక్కమందిని అడిగాను. ఆమెని పక్కకి జరగమన్నాను."

"వసతి మా విభాగం కిందికి రాదు" అన్నాడు గారెత్.

"ఎవరి కిందికొస్తుంది?"

వేళ్ళతో చెయ్యి నొక్కుకునే ఉన్న సెస్ అన్నాడు: "మా అమ్మ ఇల్లుంది, ఆసుపత్రికి రెండు వీధుల అవతల. ఆమె పోయి రెండేళ్ళయింది. పోసమ్‌లు అటక మీద పిల్లల్ని పెట్టి కాపురముంటున్నాయి."

"అద్దెకివ్వొచ్చుగా?" అంది హాలొరన్.

"ఎవరైనా అడిగితేగా! నన్ను మూడు గంటలు కూర్చోబెట్టి నా కష్టాలన్నీ అడిగింది ఈ వెస్నా. 'సెస్, నీకు ఖాళీ ఇల్లేమైనా ఉందా' అని మాత్రం అడగలేదు."

నిజం. అడగలేదు. వాళ్ళకేం లేదో రాసుకున్నాను, ముప్పై ఒక్కమందివీ. ఏముందో ఒక్కరినీ అడగలేదు.

ఐదో గంటలో హాలొరన్ మెర్ల్ వైపు తిరిగింది. ఒళ్ళో కాగితం, చేతిలో కలం. "మీ మాట సగమే మాకు చేరిందని తెలిసింది. మిగతా సగం ఇప్పుడు చెబుతారా?"

మెర్ల్ కళ్ళు తెరిచింది. ఇదే కదా మేం ఎదురుచూసిన క్షణం.

"ఇప్పుడు నేను అలసిపోయి ఉన్నా" అంది. "ఇప్పుడేదంటే అది అనేస్తా. రాసుకోకు తల్లీ. రేపు ఫోన్ చెయ్యి."

హాలొరన్ కలానికి మూత పెట్టింది.

మార్చి 30, గురువారం

ఫోన్ చేసిందట. గంటా పది నిమిషాలు. ఏం మాట్లాడుకున్నారో మెర్ల్ నాకు చెప్పలేదు. నేను అడగలేదు. అడగాలని చాలా ఉంది.

ఏప్రిల్ 13, గురువారం

ముసాయిదా వెనక్కి తీసుకున్నారు. కుర్చీలు ఇంకో రెండేళ్ళుంటాయి. షరతు ఒకటి: ఆగస్టులోగా రెండో నర్సు చేరాలి. నర్సుల కోసం సెస్ వాళ్ళమ్మ ఇంట్లో పోసమ్‌లని సాగనంపుతున్నారు. క్లబ్ వాళ్ళు పైకప్పు బాగుచేస్తున్నారు. లూపె ముందుగదికి కిటికీ తెరలు తనే కుట్టుకుంటానంది.

రెండేళ్ళు. ఆ తర్వాత? ఊరు తన ఇల్లు ఊడ్చి ఇచ్చి, తన చేత్తో పైకప్పు వేసి ప్రభుత్వం చెయ్యాల్సిన పని చేసిపెడితే, అప్పుడు ప్రభుత్వం దయతలచి ఉండనిస్తుందన్నమాట. దీన్ని విజయమని నేనెక్కడా రాయను. కానీ జూన్ దాటాక కూడా మెర్ల్ ఇక్కడే ఉంటుంది. ఇది మాత్రం రాస్తాను.

మధ్యాహ్నం గారెత్ ఫోన్. హుషారుగా ఉన్నాడు. ఇతర జిల్లాలు కూడా అడుగుతున్నాయట, మీరెలా చేశారని. డిజైన్ వల్ల ఏం సాధ్యమో చూపించే చిన్న పుస్తకం వేస్తారట. "మెర్ల్ గారిది ఒక కొత్త కార్డు కావాలి వెస్నా. అసలు పేరుతోనే. ఈసారి వాక్యం మొత్తం వేద్దాం."

"పాత కార్డు?"

"అది నివేదికతోపాటు దస్త్రాల్లో ఉంటుంది. దాన్ని కదపడం కష్టం. అయినా దాని పనైపోయిందిగా."

సరేనన్నాను. ఎంత తొందరగా వస్తుందో ఆ మాట నా నోట్లోంచి.

ఏప్రిల్ 18, మంగళవారం

మెర్ల్ ఇంటికి వెళ్ళాను. మంగళవారం, సూదుల్లేని రోజు. రికార్డరు బల్ల మీద పెట్టాను. గారెత్ అడిగింది చెప్పాను.

"ఆపెయ్ దాన్ని" అంది.

ఆపేశాను. లోపలికెళ్ళి గీతల పుస్తకం, పెన్ను తెచ్చుకుంది. కళ్ళద్దాలు పెట్టుకుంది. నాకెదురుగా కూర్చుంది.

"నువ్వు చెప్పు. నేను రాస్తా. నా మాట ఎందుకు కోశావు?"

"కార్డులో చోటు..."

పెన్ను కదల్లేదు. పాతికమంది మగవాళ్ళు ఎందుకు నోరు మూసుకునేవాళ్ళో తెలిసింది.

"చోటుంది" అన్నాను. "మొదట మొత్తం వేశాను. గారెత్‌కి చూపించాను. చావు మాట లేకుండా కాస్త ఆశగా ఉంటే బాగుంటుందన్నాడు. సరేనన్నాను."

రాసింది. ఆమె అక్షరాలు పెద్దవి, నిదానమైనవి.

"ఎంతసేపు ఆలోచించావు, సరే అనేముందు?"

"ఆలోచించలేదు."

"అది కూడా రాస్తున్నా. ఎందుకన్నావు?"

"పత్రికల్లో వాళ్ళని తిడతాను. అందరికీ తెలుసు. వాళ్ళ చల్లటి గదిలోకి పిలిచారు. టీ ఇచ్చారు. ఈమె అరిచే రకం కాదు, ఈమెతో పనిచెయ్యొచ్చు అని వాళ్ళనుకోవాలనిపించింది. అది చాలా బాగుంది, వాళ్ళు అలా చూడటం." నీళ్ళు తాగాను. నాకు ఎంతైనా తాగే వీలుంది. "మీరు పట్టించుకోవద్దన్నారు. విన్నాను. అర్థమైందన్నాను కూడా. అన్నిటికంటే బాగున్న మాట అదే కాబట్టి దాన్నే తీసుకున్నాను."

"బాగుందా?"

"చదవడానికి బాగుంది."

అదీ రాసింది. మొత్తం పేజీన్నర వచ్చింది. మొదట్నుంచి చదివి వినిపించింది. ఎక్కడా ఆపలేదు, గొంతు పెంచలేదు. పిండి కొలత చదివినట్టు చదివింది. నా మాటలు ఇంకొకరి నోట్లోంచి పూర్తిగా వినడం నాకిదే మొదటిసారి.

"ఏమైనా వదిలేశానా?"

"లేదు."

"నువ్వననిదేమైనా రాశానా?"

"లేదు."

"ఇదే పంపిస్తాం వాడికి. పుస్తకంలో నా కార్డు బదులు ఇది వేసుకోమను. వెయ్యనంటే పత్రికకి నువ్వే పంపు, ఎలాగూ రాస్తుంటావుగా." కాగితం నావైపు తిప్పి, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది. "ఇప్పుడు అలసిపోయి ఉన్నావా? ఉంటే చెప్పు అమ్మాయ్. రేపు కాదులే, రేపు నాకు సూది. గురువారం రా."

లేనన్నాను.

సంతకం పెట్టమని పెన్ను ఇచ్చింది.